దొంతికొండకు మూడో కాయ

నీలకంఠయ్యగారు కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆయన చెయ్యి ముందు పొడుం డబ్బా మీదికి, ఆ తర్వాత మూలనున్న చేతికర్ర మీదికి పోయేది. కర్ర అందుకున్నారంటే ఇక నడకే. ఆ నడక వాగుదాకానా, పక్క ఊరి సంతదాకానా అన్నది ప్రశ్న బరువును బట్టి ఉండేది. అందుకే నల్లమల అంచున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో సందేహం తీర్చుకోదలచినవాళ్లు ముందు తమ చెప్పులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకునేవాళ్లు. చెప్పు తెగినవాళ్లకు ఆ వారం సందేహాలేమీ వచ్చేవి కావు.

ఆయన శిష్యుల్లో దక్షిణామూర్తి అని ఒకడుండేవాడు. మౌనంగా బోధించే దేవుడి పేరు పెట్టారు గానీ, అతనికీ మౌనానికీ చుక్కెదురు. పూర్వం గుంటూరులో మందుల షాపు నడిపాడు. షాపు తమ్ముడికి అప్పగించి ఆశ్రమానికి వచ్చి ఏళ్లు గడిచినా, ఏది చేతికందినా వెనక్కి తిప్పి గడువు తేదీ వెతికే అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు. ప్రసాదం పొట్లాన్ని కూడా ఓసారి తిప్పి చూసి గానీ విప్పేవాడు కాడు.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున అతను భుజాన సంచి తగిలించుకుని వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు. సంచి నిండా బట్టలున్నాయి.

"అయ్యవారూ, ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను," అన్నాడు. ఒక్క మాట అన్నాడు కాబట్టి నీలకంఠయ్యగారు గోడకు చేరగిలబడ్డారు.

"సాధనలో మూడుసార్లు చివరిదాకా వచ్చేశాననుకున్నాను. మొదటిసారి బావి దగ్గర గుండిగ తోముతున్నాను. ఉన్నట్టుండి లోపలంతా ఆగిపోయింది. బావి, నీళ్లు, నేను వేరువేరు కాదనిపించింది. కొన్నాళ్లపాటు కాళ్లు నేలకు ఆనలేదంటే నమ్మండి. ఆఖరికేమైంది? మజ్జిగ పల్చగా ఉందని వంట చేసే సుబ్బన్న మీదికి గిన్నె విసిరాను. రెండోది చాతుర్మాస్యంలో వచ్చింది, నా చోట ఇంకెవరో ఆసనం వేసుకుంటే పోయింది. మూడోది చెప్పుకోవడానికే సిగ్గు. దోమ కుట్టింది, పోయింది." దక్షిణామూర్తి జారుతున్న సంచిని భుజం మీదికి లాక్కున్నాడు. "ప్రతిసారీ అదే చివర అనుకోవడం, తీరా చూస్తే అవతల ఇంకో గుట్ట. మూడూ దొంగవే. పారేశాను వాటిని. అసలు చివరంటూ ఒకటుందా? ఉంటే దాన్ని గుర్తుపట్టేదెట్లా? లేదంటే లేదని చెప్పండి, పొద్దుటి బస్సుకు పోతాను. తమ్ముడు షాపులో నా కుర్చీ ఇంకా తియ్యలేదట."

నవ్వు వచ్చే మాటలే. కానీ అతను నవ్వులాటకు అడగలేదు. ఆ సంచీ ఉత్తుత్తిది కాదు.

నీలకంఠయ్యగారు పొడుం పీల్చారు. తుమ్మారు. కర్ర అందుకున్నారు.

"బస్సు దొంతికొండ అవతలి రోడ్డు మీద కూడా ఆగుతుంది," అన్నారు. "అటుగా దిగుదాం. సంచి కూడా తెచ్చుకో."

దొంతికొండకు ఆ పేరు ఊరికే రాలేదు. కుమ్మరి ఇంట్లో కుండలు ఒకదాని మీద ఒకటి దొంతి పెట్టినట్టు, ఆ కొండ గుట్ట మీద గుట్టగా లేస్తుంది. కింద నిలబడి చూస్తే ఒక్క శిఖరమే కనిపిస్తుంది. చెమటలు కక్కుతూ అక్కడికి చేరాక దాని వెనక దాక్కున్న రెండోది బయటపడుతుంది, దాన్నెక్కితే మూడోది. ఆశ్రమంలోని కుర్రకారు మొదటిదానికి 'అమ్మయ్య' అనీ, రెండోదానికి 'అయ్యో' అనీ పేర్లు పెట్టుకున్నారు. మూడోదానికి పేరు లేదు. అక్కడికి చేరేసరికి పేరు పెట్టే ఓపిక ఎవరికీ మిగలదు. అది కూడా దాటాక ఇనుప త్రిశూలం పాతిన చోట, గుడీ గోపురం లేకుండా మల్లన్న ఉంటాడు.

ఆ కొండకు మొక్కుకున్నవాళ్లు ఏడాదికి ఒక్క కాయే తీసుకెళ్లాలి. శిఖరం మీద కొట్టాక తలెత్తకూడదు, చుట్టూ చూడకూడదు. వెంటనే వెనుదిరిగి, తల వంచుకుని కిందిదాకా దిగిపోవాలి. దిగేటప్పుడు ఎక్కేవాళ్లెవరైనా ఇంకెంత దూరమని అడిగితే "ఇదిగో, వచ్చేసింది" అనాలి తప్ప వేరే మాట అనకూడదు. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు గానీ, దాని పుణ్యమా అని అమ్మయ్య మీదా అయ్యో మీదా కొబ్బరిచిప్పలు గుట్టలుగా పడి ఉంటాయి. 'వచ్చేసింది' అన్న మాట నమ్మి అక్కడే కాయ కొట్టినవాళ్లు తలెత్తరు కాబట్టి, పైన ఇంకా కొండ ఉందని వాళ్లకు ఎప్పటికీ తెలియదు. నిజంగా పైనుంచి దిగి వచ్చేవాళ్లూ తలెత్తరు కాబట్టి, వాళ్లను చూసి ఇది కాదని చెప్పే దిక్కు లేదు.

ఆశ్రమంలో చేరిన కొత్తలో దక్షిణామూర్తికి ఇది సహించరాని అన్యాయంగా తోచింది. బకెట్టెడు సున్నం మోసుకెళ్లి, అయ్యో మీద నిలువునా చీలిన పెద్ద బండ ఒకటుంటే, దాని మీద బారెడేసి అక్షరాలతో 'శిఖరం ఇది కాదు' అని రాసి వచ్చాడు. మరుసటి కార్తీకానికి ఆ అక్షరాలకు పసుపు పడింది. ఆ పైన కుంకుమ పడింది. బండ ముందు చిప్పలు రెట్టింపయ్యాయి. ఆ సంగతి ఎత్తితే దక్షిణామూర్తి ఇప్పటికీ మాట మారుస్తాడు.

ఆ రోజు గురుశిష్యులు అమ్మయ్య మీదికి చేరేసరికి అక్కడ ఒకావిడ చిప్పల మధ్య దేనికోసమో వెతుకుతోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. కొంగున కట్టిన కొబ్బరికాయను ఒక చేత్తో పట్టుకుని, వంగి, ప్రతి రాయి వెనకా చూస్తోంది.

"ఏం పోయిందమ్మా?" అన్నాడు దక్షిణామూర్తి.

"పోలేదు సామీ. ఉండాల్సింది కనపడ్ల్యా," అంది ఆమె, నడుం నిలుపుకుంటూ. "ఈడ చీలిన బండొకటి ఉండాల. లేదంటే ఇది పైన కాదు. ఇంగా పోవాల్నేమో."

ముగ్గురూ కలిసి నడిచారు. ఆమె పేరు సుంకమ్మ. ఊరు ఆత్మకూరు పక్కన. ఆమె కూతురికి చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవట. తగ్గితే ఏటా ఒకటి చొప్పున మూడు కాయలు కొడతానని మొగుడు ఈరన్న దొంతి మల్లన్నకు మొక్కుకున్నాడు. పిల్లకు తగ్గింది. ఈరన్న రెండేళ్లు వచ్చి రెండు కాయలూ చెల్లించాడు. మూడో ఏడు రాకముందే బండల క్వారీలో పోయాడు.

"మూడోది నేను తెస్తినంతే," అంది సుంకమ్మ. "మొక్కు కోసమైతే ఇంత అవస్థ పడకపోదును. మా తోడికోడలు ఉండాది చూడు సామీ, దాని నోరు పడ. నడివీధిలో నిలబడి ఏమనిందంటే, మీ ఆయన పైకి పోనేలేదు, సగంలో కొట్టేసి వచ్చి సంకలు గుద్దుకున్నాడు అనింది. పైన త్రిశూలం ఉంటాదంట. మా ఆయప్పేమో ఎప్పుడు చెప్పినా చీలిన బండ, చీలిన బండ అని చెప్పే. దేవునికే అబద్ధమాడినోడు అని ఊరంతా అంటాండారు. బడిలో ఎవరో ఆ మాటంటే మా పిల్ల వాన్ని పలకతో కొట్టి వచ్చింది. ఆ రోజునించి అన్నం సరిగా తినదు."

"మరి ఆ బండ దొరికితే?" అన్నాడు దక్షిణామూర్తి.

"దొరికితే గుడ్డ కూడా దొరకాల. రెండుసార్లూ నా పెండ్లి చీర అంచు చించుకోని పోయి ఆడ కట్టినాడంట. అడగకుండానే చించినాడు. వారం దినాలు మాట్లాడలేదు నేను." ఆమె కొంగులోని కాయను సర్దుకుంది. "ఇప్పుడనిపిస్తుంది, ఆ వారం మాట్లాడింటే బాగుండునని. పిల్ల ఒకటే మాట చెప్పి పంపింది సామీ. అమ్మా, నాయన కట్టిన గుడ్డ చూసి రా అని."

చీలిన బండ ఎక్కడుందో దక్షిణామూర్తికి తెలుసు. అది ఎక్కడ లేదో ఇంకా బాగా తెలుసు. నాలుగడుగులు వెనకబడి గురువుగారి పక్కకు చేరి గుసగుసగా అన్నాడు.

"అయ్యవారూ, ఆ బండ అయ్యో మీద ఉంది."

"నువ్వు సున్నం కొట్టినదేగా," అన్నారు నీలకంఠయ్యగారు.

"ఆమెకు చెప్పాలా, వద్దా?"

"నాకు ఆయాసంగా ఉంది మూర్తీ. మాట్లాడించకు."

అయ్యో ఎక్కుతుండగా పైనుంచి ఒక ముసలాయన తల వంచుకుని దిగుతూ ఎదురయ్యాడు. ఆమె అడగకముందే "ఇదిగో, వచ్చేసింది" అని దాటిపోయాడు. సుంకమ్మ నడక పరుగైంది. దక్షిణామూర్తికి మాత్రం, తొందరగా చేరాలని ఏళ్ల తరబడి తపించిపోయినవాడికి, ఆ గుట్ట ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

అతను పైకి చేరేసరికి ఆమె బండ ముందు మోకాళ్ల మీద ఉంది. చీలికలో మొలిచిన రావి కొమ్మకు రెండు గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ఒకటి ఎండకు వెలిసి తెల్లబారింది. రెండోదాని మడతలో ఆకుపచ్చ ఇంకా మిగిలి ఉంది, అంచు జరీ పోగు ఒకటి వేలాడుతోంది. ఆమె ఆ పోగును వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంది. ఏడవలేదు. మొహం మాత్రం పెళ్లిచీర కట్టిన నాటిదిలా అయింది.

"వచ్చినాడు," అంది. "రెండుసార్లూ వచ్చినాడు. చూడు సామీ, రెండు ముళ్లు."

ఆమె కొంగు విప్పి కాయ తీసింది. పీచు సర్ది, బండ మొదట్లో నలుపెక్కిన రాయి వైపు తిరిగింది. అక్కడే వందల కాయలు పగిలాయి, ఆ మరక చెబుతోంది. చెయ్యి ఎత్తి, మళ్లీ దించింది. తోడికోడలు మాట ఎక్కడో గుచ్చుకుని ఉండాలి.

"సామీ, ఇదే కదా పైన?" అంది నీలకంఠయ్యగారి వైపు చూస్తూ. "త్రిశూలం కనపడ్ల్యా."

"ఈయన నాకంటే ఎక్కువసార్లు వచ్చాడమ్మా," అన్నారు నీలకంఠయ్యగారు. "ఈయన్నడుగు." అని బండకు కాస్త ఎడంగా కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

ఆమె దక్షిణామూర్తి వైపు తిరిగింది.

ఆ బండ అంత ఎత్తున నిలబడకపోతే ఏ గొడవా ఉండేది కాదు. అవతలి శిఖరాన్ని పూర్తిగా కప్పేసేది అదే. ఇవతల నిలబడినవాళ్లకు బండ, దాని పైన ఆకాశం, అంతే. ఔనని ఒక్క మాటంటే చాలు. కాయ పగులుతుంది. ఆమె తల వంచుకుని దిగిపోతుంది. ఊళ్లోకి వెళ్లి, చీలిన బండే శిఖరం, కళ్లారా చూశానని ఎవరితోనైనా పోట్లాడగలదు. పిల్ల అన్నం తింటుంది. ఈ ఒక్క అబద్ధంతో ఎవరికీ వచ్చే నష్టం లేదు. ఎదురుగా కుంకుమ పొరల కింద తను రాసిన అక్షరాలున్నాయి. రాసేటప్పుడు ఎంత ధీమాగా రాశాడు! అప్పుడు ముందున్నది ఉత్త బండ. ఇప్పుడు వేలికి జరీ పోగు చుట్టుకున్న మనిషి. ఆ ఈరన్న కూడా ఇక్కడే నిలబడి, చదువు రాక, ఈ అక్షరాలకే బొట్టు పెట్టి మొక్కి ఉంటాడని తోచింది దక్షిణామూర్తికి.

"కాదమ్మా," అన్నాడు చివరికి. "ఇది కాదు. బండ అవతల ఇంకా ఉంది."

గాలికి చిప్పల్లో నిలిచిన వాన నీళ్లు కదిలాయి. సుంకమ్మ కాయను ఒళ్లోకి తీసుకుంది. దక్షిణామూర్తి తొందరపడి సర్దబోయాడు.

"ఆయన అబద్ధమాడలేదమ్మా. ఆచారం ప్రకారం తలెత్తలేదు, అందుకే తెలియలేదు. అందరూ ఇక్కడే..."

"అది నాకు తెలుసులే సామీ," అంది ఆమె. గొంతులో కోపం లేదు. "అబద్ధమాడేటోడు గుడ్డ యాల కడతాడు?"

లేచి బండ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లింది. అక్కడినుంచి కనిపించే మూడో గుట్టను, దాని భుజం మీదుగా లేచిన అసలు శిఖరాన్ని, దాని మీద సూదంతగా కనిపించే ఇనుమును చూస్తూ చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చి రావి కొమ్మ దగ్గర కూర్చుంది. ముళ్లు వానలకు బిగిసిపోయి ఉన్నాయి. గోళ్లతో రాలేదు. పళ్లతో లాగింది. మొదటిది, తర్వాత రెండోది. విప్పిన రెండు పీలికలనూ తొడ మీద పరిచి మడతలు తీసి, తన చేతిలోని కాయకు చుట్టి కట్టింది.

"ఈడిదాంక ఆయప్ప మోసినాడు," అంది. "మోకాలు వాచిన మనిషి. ఈడినుంచి నేను మోస్తా."

పేరు లేని ఆ మూడో గుట్ట ఎట్లా ఎక్కారో దక్షిణామూర్తికి గుర్తు లేదు. సంచి ఒకటే గుర్తుంది. భుజం మారుస్తూ పోయాడు. దారంతా సుంకమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుడితోనా, మొగుడితోనా అన్నది ఆ ఇద్దరికే తెలియాలి. వారం రోజులు మాట్లాడని బాకీ ఒకటి ఉండనే ఉంది కదా.

పైన మల్లన్న ముందు ఆమె మొదట పీలికలు విప్పి త్రిశూలానికి కట్టింది. ఆ తర్వాత కాయ కొట్టింది. ఒక్క దెబ్బకు పగిలింది. నీళ్లు రాతి మీద పారి, అంచుదాకా వెళ్లి ఆగాయి.

ఇక తల వంచి వెనుదిరగాలి. ఆమె తలెత్తింది. తూర్పున అడవి, పడమట పొలాలు, దూరంగా ఎక్కడో తమ ఊరుండే దిక్కు, కింద తాము దాటి వచ్చిన గుట్టలు, వాటి మధ్య వేలెడంత కనిపించే చీలిన బండ. ఒక్కొక్కటే నింపాదిగా చూసింది. దక్షిణామూర్తి కంగారుపడ్డాడు.

"అమ్మా, ఆచారం..."

"తెలుసు సామీ. రెండు కాయలు కొట్టీ ఆయప్ప తలెత్తలేదు. ఆయప్ప చూడాల్సింది కూడా నేనే చూస్తాండా. మల్లన్న ఏమనుకోడులే."

"పిల్లకు ఏం చెబుతావు?"

సుంకమ్మ చిప్పను కొంగున కట్టుకుంటూ ఆలోచించింది.

"గుడ్డ దొరికిందని చెప్తా. మీ నాయన కాయలు నాతోపాటు పైకొచ్చినాయని చెప్తా." కొంచెం ఆగి, "మా తోడికోడలికి మాత్రం త్రిశూలం ఉండాదని చెప్పి ఊరుకుంటా. దానికి అంతకంటే ఎక్కువ పట్టదు," అంది. మొహం మీద సన్నని నవ్వు మెరిసి పోయింది.

నీలకంఠయ్యగారికి మొక్కి, దక్షిణామూర్తికి కూడా మొక్కి, ఆమె దిగిపోయింది. మూడో గుట్ట దాటి అయ్యో మీదికి చేరాక చీలిన బండ దగ్గర ఒక్క క్షణం ఆగడం పైనుంచి కనిపించింది. కొంగులోంచి ఏదో తీసి బండ చీలికలో పెట్టింది. చిప్పలో సగం అయి ఉంటుంది.

అవతలి రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఎర్రటి దుమ్ము లేచి నెమ్మదిగా మలుపు దగ్గర అణిగింది. దక్షిణామూర్తి అటు చూశాడు, ఇటు చూశాడు. సంచి దించి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"అయ్యవారూ," అన్నాడు. "ఈరన్న కొట్టిన ఆ రెండు కాయలూ మల్లన్నకు చేరినట్టా, చేరనట్టా?"

నీలకంఠయ్యగారు త్రిశూలం వైపు చూశారు. వెలిసిన పీలిక, వెలవని పీలిక గాలికి ఒకదానికొకటి చుట్టుకుంటున్నాయి. ఆయన పొడుం డబ్బా తీశారు, మూత తెరవకుండానే మళ్లీ లోపల పెట్టుకున్నారు. తర్వాత శిష్యుడి సంచిని కర్ర కొసతో మెల్లగా తట్టారు.

"బావి దగ్గరిది మొదలు నీవి మూడుండాలి కదా, మూర్తీ. ఇందులో పెట్టుకున్నావా?"